రోగి చిట్టా

ఆసుపత్రిలో మంచముకడ వ్రేలాడు కేసుషీటును మీరెల్లరు చూచియే యుందురు. జ్వరమెంత, మందెప్పు డిచ్చిరి, రాత్రి నిదుర పట్టెనా, ఇవి యందు నర్సమ్మలు వ్రాయుదురు. ఆసుపత్రుల లెక్కలన్నియు నొక్క తీరున నుండవలెనని 1860 ప్రాంతమున ఫ్లారెన్సు నైటింగేలు వాదించెను.

2016లో ఆంధ్రప్రదేశమున పల్లెలు తిరుగు ఏ.ఎన్.ఎం.లకు 'అన్మోల్' అను ఏర్పాటుతో ట్యాబు లిచ్చిరి. పలకవంటి ఆ యంత్రమున గర్భిణుల పేర్లు, శిశువుల టీకాలు నమోదు కావలెను. పుట్టింటికి పోయిన చూలాలి వివరము అచ్చటను దొరకుట దీని మేలు. కాని రిజిస్టరులును మానలేదు. ఒక్క సంగతినే రెండుమార్లు వ్రాయవలసివచ్చెను. కొల్లేటి లంకలలో సిగ్నలు అందనిచో కాగితమే దిక్కు గదా! నా మట్టుకు, ఆ రెండవ వ్రాతకు పట్టిన కాలము బాలింతకు చెందవలసినదే.

2020 డిసెంబరు 5 మొదలు ఏలూరున జనులు మూర్ఛతో కూలిరి. కొలది దినములలో 600కు పైబడినవారు రోగులైరి. రక్తమున సీసము, నికెలు కనబడెనని ఢిల్లీ ఎయిమ్సువారు తెలిపిరి. పురపాలక సంఘపు నీరు వాడనివారికిని రోగము వచ్చెనని అప్పటి అధికారులు చెప్పిరి. ఏ వీధి, ఏ నీరు అని రోగి రోగి నడిగి వ్రాసికొననిచో ఆ మాట యెవ్వరు చెప్పగలరు?