పెట్టెల్లో వెళ్లిన సింహం

మేడ్చల్ దాటి నిజామాబాద్ వైపు పోతుంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో మెకానిక్ పన్నెండేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చినవాడు. దేరా బజారులో స్పేర్ పార్టుల దుకాణంలో పని. షెడ్డు ముందు పాత అంబాసిడర్ ఒకటి, చక్రాలు ఊడదీసి, ఇటుకల మీద నిలబెట్టి ఉంది. దాన్ని అమ్మడు, బాగుచేయడు. నా బండి క్లచ్ పనికి వెళ్లిన రోజు టీ తాగుతూ ఆ అంబాసిడర్ సంగతి అడిగితే ఆయన దుబాయ్ క్రీక్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఒడ్డున బారులు తీరిన చెక్క పడవలు, వాటిలోకి ఎత్తే టైర్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు. నీళ్లకు అవతల ఇరాన్.

"సగం ప్యూజో సామానే సార్. రోజూ పోతుండె. ఆ కంపెనీ ఆడికెళ్లి ఎల్లిపోయింది అంటుండ్రి, సామాను మాత్రం పోతనే ఉండె. గదెట్ల అని సమజ్ కాకపోయేది."

ఆయనకు సమజ్ కానిదే ఈ కథ.

మన అంబాసిడర్‌కు ఇరాన్‌లో ఒక తోబుట్టువు ఉండేది. పేరు పైకాన్, అంటే బాణం. మషద్‌కు చెందిన ఖయ్యామీ అన్నదమ్ములు అహ్మద్, మహమూద్ 1962లో ఇరాన్ నేషనల్ అనే కంపెనీ పెట్టారు. 1967లో బ్రిటన్ రూట్స్ కంపెనీ వారి హిల్మన్ హంటర్‌ను తెచ్చుకుని ఆ పేరు పెట్టి వదిలారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మన దగ్గర అంబాసిడరై ఆఫీసర్లకూ టాక్సీలకూ పెళ్లిళ్లకూ ఒకటే బండి అయినట్టు, అక్కడ పైకాన్ అయింది. అది ఆగింది 2005లో. మన అంబాసిడర్ ఇంకో తొమ్మిదేళ్లు ఈడ్చింది.

రూట్స్‌ను అమెరికా క్రైస్లర్ కొంది. క్రైస్లర్ ఐరోపా వ్యాపారాన్ని 1978లో ఫ్రాన్స్ ప్యూజో కొంది. కొన్న మూటలో పైకాన్ ఒప్పందమూ ఉంది. మరుసటి ఏడే విప్లవం. ఖయ్యామీల ఫ్యాక్టరీ ప్రభుత్వపరమై ఇరాన్ ఖోద్రో అయింది. పాత జెండా మీద సూర్యుణ్ణి మోస్తూ నిలబడ్డ సింహాన్ని చెరిపేశారు. పదేళ్లు పైబడ్డాక ఆ దేశపు రోడ్ల మీదికి మళ్లీ ఒక సింహం వచ్చింది, ఈసారి బానెట్ మీద.

ప్యూజో వాళ్ల సింహం పుట్టింది కార్ల కోసం కాదు, రంపాల కోసం. ఆ కుటుంబం 1810 నుంచి ఉక్కు పని చేసేది. రంపాలు, కాఫీ మరలు, తర్వాత మిరియాల మరలు. రంపం పళ్లు సింహం కోరల్లా గట్టివని చెప్పుకోవడానికి 1858లో ఆ గుర్తును నమోదు చేయించారు. కోయడానికి పెట్టుకున్న గుర్తు అది.

1990ల మొదట్లో ఇరాన్‌లో ప్యూజో 405 తయారీ మొదలైంది. 1988లో ఐరోపా 'ఏటి మేటి కారు' అన్న బిరుదు పొందిన బండి. పశ్చిమ ఐరోపాలో దాని ఆయువు 1997తో తీరింది. ఇరాన్‌లో తీరలేదు. దాని ఒంటికి కొత్త మొహం పెట్టి పార్స్ చేశారు, దాని చట్రం మీదే సమంద్ అనే సొంత కారు కట్టారు, ఆఖరికి పాత పైకాన్ ఇంజన్‌నూ వెనక ఇరుసునూ 405 ఒంట్లో పెట్టి చవక బండి కూడా చేశారు. ఆ చివరి పని గురించి వింటే మన మెకానిక్ చేతులెత్తి దండం పెడతాడు. వెక్కిరింపుగా కాదు.

ఈ వ్యాపారమంతా పెట్టెల్లో నడిచింది. ఫ్రాన్స్ తూర్పున వెసూల్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి ప్యూజో గిడ్డంగుల్లో కారును కారుగా కాక భాగాలుగా విడదీసి, లెక్కకట్టి, పెట్టెల్లో సర్ది పంపేవారు. టెహ్రాన్ దగ్గర వాటిని విప్పి బిగించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ పెట్టెలో భాగాలు తగ్గుతూ వచ్చాయి, ఇరాన్‌లోనే పోతపోసేవి పెరుగుతూ వచ్చాయి. 2011లో అలా వెళ్లినవి దాదాపు 4,58,000 కార్లకు సరిపడా భాగాలు. ప్యూజోకు ఫ్రాన్స్ తర్వాత అతి పెద్ద బజారు ఇరానే. అమ్మినవాడికి అది విడిభాగాల బేరం. కొన్నవాడు మాత్రం దాన్ని చుట్టరికం అనుకున్నాడు.

2012 ఫిబ్రవరిలో పెట్టెలు ఆగాయి.

అణు కార్యక్రమం పేరున ఇరాన్ మీద పడ్డ ఆంక్షల వల్ల డబ్బు రాబట్టుకోవడం కష్టంగా ఉందన్నది కంపెనీ మాట. అందులో అబద్ధం లేదు. మార్చిలో ఇరాన్ బ్యాంకులను అంతర్జాతీయ చెల్లింపులు నడిచే స్విఫ్ట్ వ్యవస్థ నుంచే తీసేశారు. అయితే అదే ఫిబ్రవరి 29న అమెరికా జనరల్ మోటార్స్ ప్యూజోలో 7 శాతం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. పెళ్లికొడుకు ఇంటి గుమ్మం తొక్కబోయే ముందు పాత స్నేహాలు తెంచుకుని రమ్మన్నారని ఫ్రాన్స్ కార్మిక సంఘాలు అన్నాయి. కంపెనీ ఒప్పుకోలేదు. నాకు మాత్రం తేదీలే సాక్ష్యం. ఇరాన్ కార్ల పరిశ్రమను పేరుపెట్టి శిక్షించే అమెరికా ఉత్తర్వు అమల్లోకి వచ్చింది 2013 జులైలో. అంటే ప్యూజో బయటపడిన ఏడాదిన్నరకు. అంతవరకూ ఆగిన మరో ఫ్రెంచి కంపెనీ రెనో 51 కోట్ల యూరోలు నష్టం రాసుకుంది కనుక ముందు లేచినవాడే తెలివైనవాడు అనే లెక్కా చెప్పొచ్చు.

తెలివైనవాడి గతి చూడండి. 2012లో ప్యూజో నష్టం 500 కోట్ల యూరోలు. అన్నీ ఇరాన్ వల్ల కాదు. దక్షిణ ఐరోపాలో కార్లు కొనేవాళ్లే లేరు, ఆస్తుల విలువ తగ్గించి రాసుకున్నదే అందులో పెద్ద భాగం. ఆ జులైలో పారిస్ శివారు ఓల్నే ఫ్యాక్టరీ మూసేస్తామన్నారు. 1973లో తెరిచిన ఫ్యాక్టరీ, మూడు వేల మంది జనం. మొరాకో, అల్జీరియా నుంచి వచ్చిన కుటుంబాలు రెండు తరాలుగా అక్కడే బతికాయి. సమ్మెలు జరిగాయి. 2013 అక్టోబరులో చివరి సిట్రోయెన్ సీ3 లైను మీద నుంచి దిగింది. మరుసటి నెలలో సీఈఓ ఫిలిప్ వారాంకు 2.1 కోట్ల యూరోల పింఛను సిద్ధమైందని బయటపడి గగ్గోలు రేగితే ఆయన వద్దనుకున్నాడు. డిసెంబరులో జనరల్ మోటార్స్ తన 7 శాతం అమ్మేసుకుని వెళ్లిపోయింది. ఇరాన్‌ను వదిలించిన పెళ్లి రెండేళ్లు కూడా నిలవలేదు. 2014లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక పక్క, చైనా డాంగ్‌ఫెంగ్ ఒక పక్క చెరో 14 శాతం పట్టి కంపెనీని నిలబెట్టాయి. రెండు వందల ఏళ్ల ప్యూజో కుటుంబం సొంతింట్లో ముగ్గురు సమాన వాటాదారుల్లో ఒకటిగా మిగిలింది.

మనకూ ఆ గాలి తగిలింది. 2011లో ప్యూజో భారత్‌లో ఫ్యాక్టరీ పెడతానని స్థలం వెతికింది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, గుజరాత్ పోటీ పడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారంలో దెబ్బతిని ఉంది. విశాఖలో ఫ్యాక్టరీ పేరుతో ప్రభుత్వం వశిష్ఠ వాహన్ అనే సంస్థకు 11 కోట్లు చెల్లించడం, కారు రాకపోవడం, సీబీఐ రావడం జనం మరిచిపోలేదు. ప్యూజో గుజరాత్‌లోని సానంద్‌ను ఎంచుకుంది. మన నాయకులు ఉసూరుమన్నారు. తర్వాతి ఏడు ప్యూజో సానంద్‌నూ పక్కన పెట్టేసింది. రాని పెళ్లివారి కోసం పందిరి వేసుకోలేదన్న ఓదార్పు మనకు మిగిలింది.

2016 జనవరిలో అణు ఒప్పందం కింద ఆంక్షలు సడలాయి. ఆ నెలాఖరున అధ్యక్షుడు రౌహానీ పారిస్ వెళ్లినప్పుడు అయిన పెద్ద బేరాల్లో ప్యూజోది ఒకటి. ఇరాన్ వాళ్లు నవ్వుతూ కరచాలనం చేశారు గానీ 2012ను మరిచిపోలేదు. నడిమధ్యలో వదిలేసి పోయినందుకు పరిహారం ఇవ్వాల్సిందే అన్నారు, ప్యూజో తలవంచింది. ఈసారి పెట్టెలు కాదు. చెరి సగం వాటాతో ఉమ్మడి కంపెనీ, అయిదేళ్లలో 40 కోట్ల యూరోల పెట్టుబడి, 208, 2008, 301 అనే కొత్త కార్లు. 2017లో ఇరాన్‌లో ప్యూజో లెక్క 4,44,600 కార్లు. దేశంలో తయారయ్యే ప్రతి పదింటిలో మూడు. బయటి పోటీ తక్కువైన బజారు అది. దిగుమతి సుంకాల గోడ వెనక జనం పాత నమూనాలకే ఎక్కువ ధర పెట్టారు. తర్వాతి రోజుల్లో కొత్త కారు కొనే హక్కు కోసం లాటరీ కూడా తీయించుకున్నారు. ఈ చుట్టరికంలో మురిపెం ఉన్నంత మోసమూ ఉంది.

2018 మే 8న ట్రంప్ అణు ఒప్పందం నుంచి తప్పుకున్నాడు. కార్ల వ్యాపారానికి ఆగస్టు 6 దాకా గడువు. ప్యూజో అంతవరకూ ఆగలేదు. జూన్ 4న, ఇరవై ఏడు రోజులకే, సర్దుకుంటున్నామని ప్రకటించింది. ఆ ప్రకటనలో ఒక మాట నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. ఇరాన్ వ్యాపారం తమ రాబడిలో ఒక శాతం కూడా కాదు అన్నారు. టెహ్రాన్‌లో రోడ్డు దాటేవాడు ఏ వైపు చూసినా కనబడే సింహం పారిస్ చిట్టాలో ఒక శాతం లోపు.

ఐరోపా సమాఖ్య ఆ ఆగస్టులో పాత చట్టం ఒకటి దులిపి, తన కంపెనీలు అమెరికా ఆంక్షలకు లొంగరాదని ఆజ్ఞాపించింది. పెద్ద కంపెనీలేవీ ఖాతరు చేయలేదు. మేడ్చల్ నుంచి ఔటర్ ఎక్కితే పావుగంటలో వచ్చే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. చట్టం ఒక ఒడ్డున, భయం ఒక ఒడ్డున ఉంటే వ్యాపారి ఎటు ఈదుతాడో అక్కడి పిల్లలకు పాఠంగా చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. ఆ శామీర్‌పేట మండలంలోనే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. అక్కడ తయారైన కొవాగ్జిన్ టీకా డోసులు 2021 మార్చిలో 1.25 లక్షలు ఇరాన్‌కు వెళ్లాయి. మందులకు ఆంక్షల నుంచి మినహాయింపు ఉంది, కాగితం మీద. డబ్బు చేరవేయాల్సిన బ్యాంకుకు ఆ కాగితం ధైర్యం ఇవ్వదు. అందుకే 2012 నుంచి కొన్నేళ్లు మన చమురు బిల్లులో కొంత రూపాయల్లో యూకో బ్యాంకులో జమ అయ్యేది, ఇరాన్ ఆ రూపాయలతో మన బియ్యం, మందులు కొనుక్కునేది.

ప్యూజో ఏమైంది? బతికింది. 2017లో జనరల్ మోటార్స్ నుంచే ఓపెల్‌ను కొంది. అదే ఏడు హిందుస్థాన్ మోటార్స్ నుంచి అంబాసిడర్ పేరును 80 కోట్ల రూపాయలకు కొంది. పైకాన్‌ను మూటలో తెచ్చుకున్నవాడు అంబాసిడర్‌ది పేరు మాత్రం తీసుకెళ్లాడు. 2021 జనవరిలో ఫియట్ క్రైస్లర్‌తో కలిసి స్టెలాంటిస్ అయింది. ఆ సంస్థ డిజిటల్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది.

ఇదంతా షెడ్డులో కూర్చుని చెబితే మెకానిక్ అంబాసిడర్ వైపు చూశాడు. "పేరు కూడ అమ్ముకున్నరా?" అన్నాడు.

ఇరాన్ కథ ఇంకా అయిపోలేదని చెప్పాను. రెండోసారి వదిలేశాక ఇరాన్ ఖోద్రో 2020 డిసెంబరులో ఒక కొత్త కారు తెచ్చింది. చట్రం ప్యూజో 301ది, మొహం మీద సింహం లేదు, ఖోద్రో గుర్రం తల ఉంది. దాని పేరు తారా.

"తారా?" అని నవ్వాడు. "మన తారనేనా?"

ఆ చెవికి అంతే అన్నాను.

క్లచ్ ప్లేటు గుడ్డతో తుడుస్తూ కాసేపు ఊరుకుని, "ఇంజన్ ఎవనిది సార్?" అన్నాడు.

"ప్యూజోదే."

తల ఊపి, ప్లేటు పట్టుకుని బండి కిందికి దూరాడు.