రంగం వెళ్ళిన అన్న, రేవు తవ్విన తమ్ముడు

ఆ ఎండుకొమ్మ కూడా మంటలో వెయ్యరా. అందరూ ఇలా దగ్గరగా జరగండి. మా తాత రంగం కథ చెప్తాను.

మాది భీమిలి అవతల పల్లె. వాన పడితే చోళ్ళు, పడకపోతే అప్పులు. అప్పుల పాలైనవాడు ఆ రోజుల్లో అనే మాట ఒకటే: "రంగం పోతాను." రంగూన్‌ని మనవైపు అలాగే అనేవారు. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి ఇంటికింత బయానా చేతిలో పెట్టేవాడు, ఓడ టిక్కెట్టూ తనే కొనేవాడు. అదంతా అక్కడి కూలిలో కోసుకునేవాడు. మొదట్లో చేసిన చాకిరీ అంతా మేస్త్రీ బాకీకే చెల్లు.

మా తాతా, వాళ్ళన్నా కలిసే వెళ్ళేరు. అప్పటికి విశాఖలో ఓడ ఆగే రేవేదీ? అది నడిసముద్రంలో లంగరేసుకుంటే, మసూలా పడవలో అలలు దాటుకుని వెళ్ళి ఎక్కాలి. రంగంలో ఇద్దరూ ఓడల్లోకి బియ్యం బస్తాలు మోసేరు. ఒక్క గదిలో పదిమందికి పైగా పడుకునేవారట.

1930 మే నెలలో మొదట భూమి కంపించింది. తర్వాత మనుషులు రేగేరు. కూలి పెంచమని రేవులో మన తెలుగువాళ్ళు పని ఆపితే, కంట్రాక్టర్లు బర్మావాళ్ళని తెచ్చి పెట్టేరు. రాజీ కుదరగానే మనవాళ్ళని రమ్మని, వాళ్ళని పొమ్మన్నారు. కడుపు మండదూ? కత్తులు లేచేయి. వందమందికి పైగా పోయేరు, ఎక్కువమంది మనవాళ్ళే. అయినా తాత బర్మావాళ్ళని పల్లెత్తు మాట అనేవాడు కాడు. "వాళ్ళూ కూలికొచ్చినవాళ్ళే కదే. పిలిచినవాడూ, పొమ్మన్నవాడూ ఒక్కడే" అనేవాడు.

అన్నదమ్ములిద్దరూ తిరిగొచ్చేసేరు. అప్పటికిక్కడ రేవు పని జోరుగా సాగుతోంది. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోటంతా చిత్తడి. డ్రెడ్జర్లు అడుగు తోడుతుంటే, తవ్విన మట్టితో పల్లాలు పూడ్చేవారు. గొడవలు సద్దుమణిగేక అన్న మళ్ళీ రంగం అన్నాడు, అక్కడైతే రూపాయి కనబడుతుందని. తాతకీ మనసు లాగింది. మా మామ్మ మాత్రం, "నువ్వు ఓడెక్కు, నేను పుట్టింటి బండెక్కుతాను" అని కూర్చుందట. అన్న ఓడెక్కేడు. తాత బురదలో దిగేడు.

యారాడ కొండ కింద రాళ్ళు నింపిన రెండు పాత ఓడల్ని ముంచి అలలకి అడ్డం పెట్టేరు. ఓడలు రావడానికి ఓడల్ని ముంచడమేమిటని కూలీలు నవ్వుకున్నారట. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రేవు ప్రారంభించేడు.

అన్న రంగం నుంచి డబ్బు పంపుతూనే ఉండేవాడు. 1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేసేరు. లక్షలమంది మనవాళ్ళు బయల్దేరేరు. ఓడ దొరకనివాళ్ళు అరకాన్, అస్సాం కొండల్లో పడి నడిచేరు. దారిలో రాలిపోయినవాళ్ళెందరో. అన్న కబురు లేదు. 1942 ఏప్రిల్ 6న ఇక్కడా బాంబులు పడ్డాయి. పట్నం ఖాళీ అయిపోయింది. ఆడవాళ్ళనీ పిల్లలనీ పల్లెకి తోలి, తాత మాత్రం వెనక్కొచ్చేసేడు. అన్నొస్తే ఇంటి దగ్గర ఎవరో ఒకరుండాలని.

అరవైల్లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేసేక మళ్ళీ మనవాళ్ళు తిరిగొచ్చేరు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వెలిసింది. ముసలాడు నన్ను వెంటేసుకుని వెళ్ళి, గడప గడపకీ అన్న పేరు చెప్పి అడిగేడు. పేరు విన్నవాళ్ళు దొరికేరు గానీ, మనిషి అతనే అని చెప్పగలిగినవాళ్ళు లేరు.

తర్వాత మా నాన్న షిప్‌యార్డులో చేరేడు. మీ నాన్నకి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఆ జీతాలతో మేడ లేచింది. జాగా మాత్రం అన్న పంపిన రంగం డబ్బుతో కొన్నది. అందుకే తాత దస్తావేజులో రెండు పేర్లు రాయించేడు. ఇప్పుడు మీరు అపార్ట్‌మెంటుకి ఇచ్చేద్దామంటున్నారు. ఇవ్వండి, నాకేం అడ్డు లేదు. కానీ వాటాలు వేసే ముందు ఆ రెండో పేరుగల మనిషి ఎవరో మీ పిల్లలకి చెప్పి, అప్పుడు సంతకాలు పెట్టండి.