తిత్తి నుంచి సిలిండరు దాకా: మంచిర్యాల బొగ్గు ప్రాంతంలో గాలిని బంధించిన చరిత్ర

తెలుగులో గాలిని ఊదుతారు, కొడతారు, నింపుతారు. కొలిమిలోకి ఊదేదీ, టైరులోకి కొట్టేదీ, సిలిండరులోకి నింపేదీ ఒకే గాలి. అయినా ఈ మూడు క్రియలు సూచించే పీడనాల మధ్య అంతరం సామాన్యమైనది కాదు. కమ్మరి తిత్తి ఇచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో నూటికి ఒకటి రెండు వంతులకు మించదు. టైరులో ఉండేది రెండు మొదలు ఎనిమిది బార్లు. శ్వాస పరికరపు సిలిండరులో 200 బార్లు. గోదావరికి ఉత్తరాన మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, దక్షిణాన రామగుండం, గోదావరిఖని ఉన్న బొగ్గు ప్రాంతంలో ఈ మూడూ నేటికీ పక్కపక్కనే కనిపిస్తాయి. పీడనం పెరిగిన కొద్దీ గాలి పనిముట్టు ఇంటివారి చేతిలోంచి సంస్థల చేతిలోకి వెళ్ళింది. ఇందుకు పెట్టుబడి, అధికారం కొంత కారణమే కాని, అసలు కారణం గాలి స్వభావంలోనే ఉందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

తిత్తి పూర్తిగా ఇంటి వస్తువు. తోలు, కర్ర, మట్టి గొట్టం ఉంటే ఊళ్ళోనే తయారవుతుంది. మేకతోలు తిత్తి నోటికి రెండు కర్రలు కట్టి, పైకి ఎత్తేటప్పుడు చేతితో విప్పి, నొక్కేటప్పుడు మూస్తారు. నేటి కంప్రెసరులో వాల్వు చేసే పని అక్కడ మనిషి వేళ్ళు చేస్తాయి. రెండు తిత్తులను ఒకదాని తరువాత ఒకటి నొక్కితే గాలి తెగకుండా వస్తుంది. ఈ సరళమైన సాధనంతో ఉత్తర తెలంగాణ సాధించినది చిన్నదేమీ కాదు. సర్వే బృందంతో హైదరాబాదు రాజ్యంలో తిరిగిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు వోయ్సీ నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు తయారీని స్వయంగా చూసి వ్రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మూసిన మూసలను బొగ్గుల మధ్య ఉంచి, ఎద్దుతోలు తిత్తులతో రాత్రింబగళ్ళు గాలి ఊది తీసిన ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఆ ఊరికి వచ్చేవారు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి జరిపిన క్షేత్ర పరిశీలన పూర్వపు ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలతో సహా రెండు వందలకు పైగా స్థలాలలో ఇనుము తయారీకి సంబంధించిన ఆనవాళ్ళను నమోదు చేసింది. ఇనుప చిట్టెపు దిబ్బ ఉన్న ప్రతిచోటా ఒకనాడు తిత్తి ఆడినట్లే.

రెండవ గాలి గనులతో వచ్చింది. ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గును గుర్తించినది 1871లో. అదే సంవత్సరం ఆల్ప్స్ పర్వతాలలో ఫ్రాన్సు, ఇటలీలను కలిపే రైలు సొరంగం ప్రారంభమైంది. సొమెయ్యే అనే ఇంజనీరు ఆ సొరంగంలో రాతిని సంపీడిత గాలితో నడిచే డ్రిల్లులతో తొలిపించాడు. ఆవిరి యంత్రాన్ని సొరంగంలో నడిపితే పొగకు మనుషులు బతకరు. గాలితో నడిచే డ్రిల్లు వదిలేది మళ్ళీ గాలినే, దానిని పనివారు పీల్చుకోవచ్చు. గనులు సంపీడిత గాలిని ఇష్టపడటానికి మూలం ఇక్కడ ఉంది. మండే వాయువు ఉండే చోట నిప్పురవ్వ పుట్టించని శక్తి అది. బొగ్గు పొరలో విద్యుత్తు డ్రిల్లు స్థిరపడినా, రాతిలో బాట తొలిచేచోట ఐదారు బార్ల గాలితో నడిచే జాక్‌హామరుదే రాజ్యం. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ దశాబ్దం చివరికి బెల్లంపల్లి వైపు, 1960ల తొలినాళ్ళలో గోదావరిఖని వైపు విస్తరించింది. గనితో పాటు ఉపరితలం మీద కంప్రెసరు, దాని పక్కన గాలి నిలువ చేసే రిసీవరు, లోపలికి దిగే ఇనుప గొట్టాలు ఈ ప్రాంతపు కార్మికులకు పరిచయమైన దృశ్యాలయ్యాయి. పీడనం కింద ఉన్న పరికరాలు పేలకుండా, మండకుండా నిర్మించి నిర్వహించాలని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు విధించాయి.

ఈ స్థాయి గాలిని చేతిపనివారు త్వరగానే తమదిగా చేసుకున్నారు. పాత ఫ్రిజ్ నుంచి విప్పిన కంప్రెసరుకు ఒక చిన్న తొట్టి, మీటరు, సేఫ్టీ వాల్వు తగిలించి టైర్లకు గాలి కొట్టడం, రంగు చల్లడం తెలుగు పట్టణాలలో ఎరిగిన విద్యే. ఇందులో నిజమైన నైపుణ్యం ఉంది. దానిని తక్కువ చేయనక్కరలేదు. చిక్కు అంతా ఆ నైపుణ్యమే 200 బార్లకు కూడా సరిపోతుందనుకోవడంలో ఉంది.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగు చేతికి కాలడం అందరికీ తెలిసినదే. 30 డిగ్రీల గాలిని వేడి బయటికి పోనీయకుండా ఒకే దెబ్బలో 200 బార్లకు నొక్కితే లెక్క ప్రకారం సుమారు 1,100 డిగ్రీలకు చేరుతుంది. అది కమ్మరి ఇనుమును సాగగొట్టే వేడి. కోనసముద్రంలో అంతటి వేడికి బొగ్గులు కావలసి వచ్చింది, ఇక్కడ ఒత్తిడి ఒక్కటే చాలు. కందెన నూనె అంతకు ఎంతో ముందే అంటుకుంటుంది. అందుకే అధిక పీడన కంప్రెసరు మెట్లుమెట్లుగా పని చేస్తుంది. మూడు మెట్లుగా విభజించి, మెట్టు మెట్టుకూ గాలిని తిరిగి చల్లార్చితే ప్రతి మెట్టులో వేడి 230 డిగ్రీల దగ్గర ఆగుతుంది. నాలుగు మెట్లయితే 170 డిగ్రీల దగ్గర. కాబట్టి ఈ యంత్రానికి పిస్టను ఎంత ముఖ్యమో చల్లార్చే గొట్టం అంత ముఖ్యం. ఇంటి తయారీలో మొదట తగ్గించేది దానినే.

నూనె మాడితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. గనిలో మంట రేగిన తరువాత మనుషులను చంపేది ముఖ్యంగా ఈ వాయువే. ఆ గాలిని సిలిండరులో నింపుకుని ముఖానికి తగిలించుకున్నవాడు గని విషాన్ని వెంట తీసుకుపోయినట్లే. నీటి సంగతీ ఉంది. 10 లీటర్ల సిలిండరులోకి 200 బార్ల వద్ద రెండు ఘనమీటర్ల గాలి పోతుంది. గోదావరి తీరపు వానాకాలంలో అంత గాలి 50 గ్రాముల దాకా నీటిని మోసుకు వస్తుంది. తీసివేయకపోతే అది ఉక్కును లోపలి నుంచి తింటుంది, బయటికి కనిపించదు.

మూడవ గాలి చరిత్ర రక్షకుల చరిత్ర. 1906లో ఫ్రాన్సులోని కూరియేర్ గనిలో 1,099 మంది మరణించినప్పుడు జర్మనీ నుంచి శ్వాస పరికరాలతో రక్షక దళం వచ్చింది. యూరపు గనులలో రక్షణ కేంద్రాల అవసరం ఆ తరువాత బలంగా గుర్తింపు పొందింది. భారతదేశంలో 1939 నాటి నిబంధనలు ఝరియా, రాణిగంజ్ క్షేత్రాలకే పరిమితం. 1959లో బొగ్గు గనుల రక్షణ నిబంధనలు, 1985లో ప్రస్తుత మైన్స్ రెస్క్యూ రూల్స్ వచ్చాయి. సింగరేణి రక్షణ వ్యవస్థకు రామగుండంలోని రెస్క్యూ స్టేషను కేంద్రం. రక్షకుడు వీపున మోసే ఆధునిక పరికరంలో రెండు లీటర్ల సిలిండరులో 200 బార్ల ఆక్సిజన్ ఉంటుంది. విడిచిన శ్వాసను శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవడం వల్ల ఆ 400 లీటర్లు నాలుగు గంటలు సరిపోతాయి. ఆక్సిజన్‌ను నింపే పంపులో నూనె చుక్క ఉండరాదు; పాత పంపులలో నీటిలో గ్లిజరిన్ కలిపి కందెనగా వాడేవారు. తుడిచే గుడ్డకు జిడ్డు ఉండకూడదన్న నియమం బయటివారికి చాదస్తంగా తోచవచ్చు. అక్కడ అది ప్రాణానికి సంబంధించిన మాట.

చివరి చిక్కు పాత్రది. వంటగ్యాసు సిలిండరును తయారీలో పరీక్షించేది సుమారు 25 బార్లకే. పైకి గట్టిగా కనిపించినా దానికీ 200 బార్ల సిలిండరుకూ పోలిక లేదు. 10 లీటర్ల గాలి 200 బార్ల నుంచి ఒక్కసారిగా విడుదలైతే టన్ను బరువును 40 మీటర్ల ఎత్తుకు లేపగల శక్తి బయటపడుతుంది. 1940లో మొదలై 1981, 2004, 2016లలో మారుతూ వచ్చిన గ్యాస్ సిలిండర్ల నిబంధనలు తయారీ, నింపడం, నిల్వ, నియతకాల పరీక్షలకు నాగపూర్ కేంద్రంగా ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థను బాధ్యురాలిని చేశాయి. ఇంట్లో యంత్రాన్ని చేసుకున్నవాడు ఈ వరుసలో ఎక్కడా లేడు. అతని సిలిండరును పరీక్షించేవారూ లేరు.

ఆ పరీక్షలో గాలిని వాడరు. సిలిండరును నీటితో నింపి, నీటి తొట్టిలో ఉంచి, పని పీడనం కన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి, అది ఎంత ఉబ్బిందో, ఒత్తిడి తీసిన తరువాత ఎంత వెనక్కి తగ్గిందో కొలుస్తారు. నీరు దాదాపు నొక్కుడు పడదు. 200 బార్ల వద్ద అది దాచుకునే శక్తి గాలి దాచుకునేదానిలో నాలుగు వందల వంతు కూడా ఉండదు. సిలిండరు పగిలితే నీరు కారుతుంది, పరీక్షకుడు పక్కనే నిలబడి ఉండగలడు.