చేతి నేర్పునకు పరీక్ష

తోట్లవల్లూరు చెంత కృష్ణ యొడ్డు భూములలో పసుపు, కంద, అరటి పండించు రైతునకు పక్షవాతము సోకి కుడిచేయి పడిపోయినపుడు, నేలపై కూర్చుండి అన్నము కలుపుకొనుటయు, పంచె కట్టుకొనుటయు మరల నేర్పు విద్య యొకటి కలదు. దానినే ఆక్యుపేషనల్ థెరపీ యందురు. భారతదేశమున దీనికి తొలి పాఠశాలను 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రియందు, అమెరికాలో జన్మించి ఈ దేశపు కోడలైన కమలా నింబ్కర్ స్థాపించెను. 1952లో వృత్తిసంఘము వెలసినది.

విద్యార్థి నిజముగా నేర్చెనా యని తెలియుట యెట్లు? వైద్యవిద్యాలయములలో ఒక రోగిని చూపి, పరీక్షకుడు ప్రశ్నలడిగి మార్కులు వేయు పద్ధతి చిరకాలము నడచినది. సులభమైన రోగి దొరికినవాడు గట్టెక్కును, జటిలమైన రోగి దొరికినవాడు మునుగును. ఇందు న్యాయముకంటె అదృష్టపు పాలెక్కువ. ఈ లోపమును సవరింపనెంచి స్కాట్లండునందలి డండీలో రొనాల్డ్ హార్డెన్, సహచరులతో కూడి, 1975లో ఒక నూతన పద్ధతిని ప్రకటించెను. విద్యార్థులందఱు కొన్ని స్థానముల గుండా వరుసగా నడతురు. ప్రతిస్థానమున నియతకాలము, అందఱికి నొకే పని, ముందే వ్రాసియుంచిన మార్కుల పట్టిక. దీనికే ఓస్కీ యని పేరు. పిదప నర్సింగు, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలకును ఇది వ్యాపించినది.

ఈ పద్ధతి న్యాయమైనదనుటలో నాకు సందేహము లేదు. అయినను పట్టిక పట్టుకొను విషయములు కొన్ని, జారవిడుచు విషయములు కొన్ని. చెంచాయు కుర్చీయు నుంచిన స్థానమున నెగ్గిన విద్యార్థి, పీటపై కూర్చుండి చేతితో భుజించు మన డెల్టా రైతునకు సాయపడగలడా? ఆ పరీక్షాస్థానమున పీటయు, కంచమును, పంచెయు నుండవలయును, రోగిని “నీ యింట నెట్లు జరుగును?” అని అడిగినందుకును మార్కులుండవలయును.