పడవ మీది బరకం వడ్డాదికి వచ్చిన దారి

వడ్డాది చుట్టుపక్కల బెల్లం వండే రోజుల్లో వాన మబ్బు కనిపిస్తే రైతుకు ముందు గుర్తొచ్చేది పెనం కాదు, చెరకు పిప్పి. ఎండిన పిప్పి ఉంటేనే పొయ్యి మండుతుంది. అది తడిసిందా, ఆ పూటకు వంట ఆగినట్టే. అందుకే బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మడత పెట్టిన బరకాలు బయటికొస్తాయి. అలాంటి బరకాలే పూడిమడక సముద్రపు ఒడ్డున పడవల మీదా వలల మీదా కనిపిస్తాయి. వడ్డాదికి సముద్రం లేదు. ఒకప్పుడు మత్స్య వంశపు రాజులు ఈ సీమను ఏలారు గానీ, చేపతో చుట్టరికం ఆ పేరు దగ్గరే ఆగిపోయింది. బరకం సంగతి వేరు, దాని పుట్టిల్లు నిజంగానే సముద్రం.

ఓడల మీద సరుకు తడవకుండా నావికులు మందపాటి గుడ్డకు తారు పట్టించి కప్పేవారు. నీరు దిగేది కాదు. కానీ తారు ఎండకు జిగురవుతుంది, చలికి బిర్రబిగుస్తుంది. తర్వాత అవిసె నూనె పట్టించిన గుడ్డలొచ్చాయి. వాటిది ఇంకో తంటా: ఆ నూనె గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, సరిగా ఆరకుండా మడిచి గుట్టగా పెడితే తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. 1823లో చార్లెస్ మాకింతోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూత పెట్టి పేటెంటు తీసుకున్నాడు. అదీ ఎండకు జిగురయ్యేదే. గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో వేడి చేసే పద్ధతి కనిపెట్టాక గానీ ఆ జిగురు వదల్లేదు.

నీలం బరకం కథ మాత్రం అనుకోకుండా మొదలైంది. 1933 మార్చిలో ఇంగ్లండులోని ఐసీఐ అనే రసాయన కంపెనీ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఇథిలీన్ వాయువును మరో రసాయనంతో కలిపి విపరీతమైన ఒత్తిడిలో వేడి చేశారు. అనుకున్న ఫలితం రాలేదు. పాత్రలో తెల్లటి మైనం లాంటి పదార్థం మిగిలింది. మళ్లీ చేయబోతే కుదిరేది కాదు, ఒక్కోసారి పరికరమే పేలేది. 1935లో మైకేల్ పెర్రిన్ బృందం చేసిన ప్రయోగంలో పరికరం కాస్త లీకైంది. తగ్గిన ఒత్తిడి సరిచేయడానికి మరికొంత ఇథిలీన్ పంపారు. దాంతోపాటు లోపలికి చేరిన పిసరంత ఆక్సిజనే చర్యను నడిపిందని తర్వాత తెలిసింది. పాలిథీన్ అలా చేతికి చిక్కింది. యుద్ధకాలంలో అది ఎక్కింది పంట మీదికీ కాదు, పడవ మీదికీ కాదు, రాడార్ తీగల మీదికి. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ తక్కువ ఒత్తిడిలోనే గట్టి పాలిథీన్ తయారుచేసే దారి చూపాడు. దాన్ని సన్నటి పట్టీలుగా చేసి, నేసి, పైన పూత వేస్తే మన సంతల్లో దొరికే నీలం నేత బరకం.

నేయకుండానే గట్టిగా ఉండేది ఇంకో రకం. పాలిథీన్ పొరను ఒక దిక్కుకు సాగదీస్తే ఆ దిక్కున బలం వస్తుంది, కానీ వెదురులా నిలువునా చీలుతుంది. డెన్మార్కుకు చెందిన ఓలె-బెంట్ రాస్‌ముసెన్ ఈ బలహీనతకే విరుగుడు ఆలోచించాడు. సాగదీసిన పొరలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడేలా అతికిస్తే, ఒక పొరలో మొదలైన చీలిక రెండోదాని దగ్గర ఆగుతుంది. మన దేశంలో సుప్రీమ్ కంపెనీ సిల్పాలిన్ పేరుతో అమ్మేది ఈ తరహాదే. కొట్లో ఎవరూ రాస్‌ముసెన్ పేరెత్తరు, ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు) అని మాత్రం అడుగుతారు.

చలిదేశాల్లో పడవలకు ముసుగు వేసేది శీతాకాలంలో. మంచు పడకముందే ఒడ్డుకు లాగి, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ పొర చుట్టి, వసంతంలో కోసి పారేస్తారు. ఏటా ఆ చెత్త, ఆ ఖర్చు వద్దనుకున్నవాళ్లు కుట్టించిన గుడ్డ ముసుగు కొంటారు. 1961లో అమెరికాలో గ్లెన్ రావెన్ మిల్లు తెచ్చిన సన్‌బ్రెల్లా అనే యాక్రిలిక్ గుడ్డ మొదట కిటికీల ముందు నీడకోసం పుట్టింది, పడవల వాళ్లు సొంతం చేసుకున్నారు. దాని రంగు పైపూత కాదు, పోగులోనే ఉంటుంది, కాబట్టి త్వరగా వెలవదు. లోపలి చెమ్మ బయటికి పోవడం దాని అసలు గుణం. వాన లోపలికి రాకపోయినా, చెమ్మ బయటికి పోకపోతే ముసుగు కిందే బూజు పడుతుంది.

మనకు చలికాలం వేటకాలం. పడవలు ఒడ్డెక్కేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలో. అంటే మన ముసుగుకు మంచుతో పని లేదు, నడినెత్తి ఎండతోనే పోరు. సూర్యుడిలోని అతినీలలోహిత కిరణాలు పాలిథీన్ గొలుసులను తెంచేస్తాయి. రక్షక రసాయనం లేని చవక బరకాన్ని ఓ ఎండాకాలం ఆరుబయట ఉంచి మడత విప్పితే, మడత గీత వెంబడే పెళుసుగా విరిగి పొట్టులా రాలుతుంది. నలుపు రంగు బరకం ఎక్కువ కాలం నిలవడానికి అందులోని కార్బన్ మసి ఆ కిరణాలను తాను మింగేయడమే కారణం. వేడెక్కుతుంది నిజమే, కానీ అంత త్వరగా చివకదు. నా లెక్కలో జీఎస్ఎం కంటే ముందు అడగాల్సింది ఎండకు తట్టుకునే మందు కలిపారా లేదా అన్నది. మందం ఎంతున్నా ఆ మందు లేకపోతే మళ్లీ వాడుకోవచ్చన్న మాట బిల్లు కాగితం మీదే మిగులుతుంది.

తర్వాత చూడాల్సింది అంచు. తాడు దూర్చే రింగులు దూరదూరంగా ఉంటే గాలి బరువంతా ఒక్కో రింగు మీద పడి అక్కడే చిరుగుతుంది. కప్పేటప్పుడు మధ్యలో వాసం నిలిపి వాలు ఇవ్వాలి, లేకపోతే మొదటి వానకే నీరు గుంటగా నిలిచి బరకం సాగిపోతుంది. పడవకైతే రెండు చివరలా గాలి ఆడేలా వదలాలి. పిప్పి కుప్పకూ అంతే, అడుగున కాస్త సందు ఉంచకపోతే పైన వాన పడకపోయినా లోపల మెత్తబడుతుంది.