కొత్త కారును ఇంట్లోనే కడుక్కునేవారికి: ముందు నీళ్లు, తరువాతే గుడ్డ

దసరా నుంచి దీపావళి దాకా మన ఇళ్ల ముందు కొత్త బండ్లు దిగే కాలం. ఆ తరువాత సంఘం కార్యాలయానికి వచ్చేవారు పింఛను కాగితాల గురించి, పిల్లల తెలుగు క్లాసుల గురించి అడుగుతూనే, పనిలో పనిగా కారు సంగతీ అడుగుతున్నారు. బానెట్ మీద పసుపు మరక పోవడం లేదని ఒకరు, అద్దాల మీద తెల్ల చుక్కలు పడ్డాయని ఒకరు, నాలుగు నెలలకే రంగు మాసిపోయిందని మరొకరు. కారుతో ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోతే బండి కడిగేది ఇంట్లో ఉండే పెద్దవాళ్లు. వారికోసం తెలుగులో ఒకచోట రాసి పెడుతున్నాము. మేమున్నది బళ్లారి కాబట్టి ఇక్కడి ఎర్రదుమ్ము సంగతి కాస్త ఎక్కువే వస్తుంది. హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం వారికి తేడా ఉన్నచోట విడిగా చెబుతాము.

పొడి గుడ్డతోనే మొదటి నష్టం

తెల్లవారగానే పాత బనియను గుడ్డ పట్టుకుని బండంతా తుడిచేయడం స్కూటర్ల కాలం నుంచి మనకున్న అలవాటు. కొత్త కారు మెరుపును ఎండకంటే, వానకంటే ముందు తీసేది ఈ అలవాటే. కారు రంగు మీద పారదర్శకంగా ఒక పూత ఉంటుంది. దాన్ని క్లియర్ కోట్ అంటారు. మెరుపంతా దానిదే. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే పలుచన. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువు ఆ పూత కంటే చాలా గట్టిది. సండూరు, హోసపేట దారుల్లో లేచే ఇనుప ఖనిజం దుమ్మూ అంతే. దానిమీద పొడి గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఒక్కరోజులో కనిపించదు. మూడు నాలుగు నెలలయ్యాక ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడులాగా చుట్లు చుట్లుగా సన్నగీతలు తేలతాయి. నలుపు, ముదురు నీలం కార్లలో బాగా కనబడతాయి. తెల్లకారులో కనబడవంతే, ఉండకపోవు.

గీతలు పడితే పాలిష్ చేయిద్దాములే అంటారు. పాలిష్ అంటే ఆ పలుచని పూతనే ఇంకొంచెం అరగదీయడం. రెండు మూడుసార్లు చేయించవచ్చునేమో గాని, ఏడాదికోసారి చేయించే పని కాదు.

అపార్టుమెంట్లలో నెలజీతానికి కార్లు తుడిచే కుర్రవాడు ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో పది కార్లు పూర్తిచేస్తాడు. అది అతని తప్పు కాదు, అతనికి దొరికే నీళ్లు అంతే. మీ గుడ్డలు మీరే ఇవ్వండి, పొడిగా తుడవవద్దని నెమ్మదిగా చెప్పండి. జీతం తగ్గించకుండా రోజూ తుడవడం మాన్పించి, వారానికోసారి సరిగా కడగమంటే ఇద్దరికీ మేలు.

ఏమేమి కావాలి

రెండు బకెట్లు, ఒక మగ్గు, ఒక సీసా కారు షాంపూ, చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ తొడుగు ఒకటి, మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, చక్రాలకు విడిగా ఒక బ్రష్షు. ఇంతకు మించి మొదటి ఏడాది ఏమీ కొననక్కరలేదు. బట్టల పొడి, గిన్నెల సబ్బు వాడవద్దు. జిడ్డును తీసినట్టే అవి బండి మీది మైనాన్నీ తీసేస్తాయి. బట్టల పొడికి క్షారగుణం ఎక్కువ, రబ్బరు పట్టీలకు మంచిది కాదు. కుంకుడు రసం వాడవచ్చా అని ఒక పెద్దావిడ అడిగారు. మెత్తనిదే గాని అందులో పీచు, పిప్పి ఉంటాయి, వాటితో గీతలు పడతాయి. కుంకుళ్లు తలకే ఉంచుకోండి. లారీ క్లీనర్లు చేసినట్టు డీజిలుతోనో కిరోసిన్‌తోనో తుడిస్తే ఆ పూట మెరుస్తుంది. తరువాత ఆ జిడ్డుకే దుమ్మంతా అంటుకుంటుంది, టైర్ల రబ్బరూ పాడవుతుంది.

కడిగే వరుస

బండి నీడలో ఉండాలి, బానెట్ చేత్తో తాకితే చల్లగా ఉండాలి. ఊరినుంచి వచ్చిన వెంటనే వేడి చక్రాల మీద నీళ్లు కొట్టవద్దు, అరగంట ఆగండి. మన ఊళ్లలో పొద్దున ఏడులోపు లేదా సాయంత్రం ఐదు తరువాత అయితే బాగుంటుంది. ఎండలో కడిగితే సబ్బు నీళ్లు మీరు తుడిచేలోగానే ఆరి మచ్చ కడతాయి.

మొదట ఏ గుడ్డా తాకించకుండా, పైకప్పు నుంచి కిందకు మంచినీళ్లు పోయండి. మగ్గుతో పోసినా సరే, నిదానంగా పారేలా పోయాలి. దుమ్ములో సగానికి పైగా ఇక్కడే దిగిపోవాలి. ఎర్రదుమ్ము పట్టిన బండికి ఈ పని రెండుసార్లు చేయండి. ఐదు నిమిషాలు నాననిచ్చి మళ్లీ పోస్తే చక్రాల గూళ్లలో పేరుకున్న ఎర్రమట్టి కూడా ఊడుతుంది. ఆ తరువాతే షాంపూ. ఒక బకెట్టులో షాంపూ నీళ్లు, రెండోదానిలో ఉత్త నీళ్లు. తొడుగును షాంపూలో ముంచి ఒక భాగం తుడవగానే, ఉత్త నీళ్లలో జాడించి, పిండి, మళ్లీ షాంపూలో ముంచాలి. రెండో బకెట్టు అడుగున ఎంత మట్టి చేరిందో చివరికి చూడండి. ఒకే బకెట్టయితే ఆ మట్టినంతా తిరిగి బండికే రుద్దేవారు. గుండ్రంగా కాక నిలువుగానో అడ్డంగానో తేలికగా తుడవాలి. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపుల పైభాగం, చివరికి తలుపుల కిందిభాగం, బంపర్లు. చక్రాలకు వాడిన బ్రష్షు, గుడ్డ పైభాగాన్ని తాకకూడదు. కింద పడిన గుడ్డనూ మళ్లీ వాడకండి.

తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డను పరిచి నెమ్మదిగా లాగండి. షోలాపూర్ టవలు ఎంత మెత్తనిదైనా అంచు కుట్టు గరుకుగానే ఉంటుంది, కాబట్టి అంచు తగలకుండా మడిచి వాడాలి.

ఈ పద్ధతికి నాలుగైదు బకెట్లకు మించి నీళ్లు పట్టవు. గొట్టం వదిలేసి కడిగితే ఎన్ని పోతాయో తెలుసుకోవాలంటే, మీ బకెట్టు ఆ గొట్టంతో ఎన్ని సెకన్లలో నిండుతుందో ఒకసారి లెక్కపెట్టండి, చాలు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఎండాకాలంలో మీ ఊళ్లోనూ ఇలాంటి ఉత్తర్వు ఉందేమో చూసుకుని బకెట్టు ఎత్తండి. రోజూ నీళ్లు రాని షోలాపూర్‌లాంటి ఊళ్లవారు పదిహేను రోజులకోసారి కడిగినా తప్పులేదు. మధ్యలో పొడిగా తుడవకుండా ఉంటే చాలు.

బోరునీళ్ల తెల్లమచ్చలు

మన ఊళ్లలో చాలాచోట్ల ఉన్నవి ఉప్పు బోర్లే. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లపెంకు కడితే మీ నీళ్లు గట్టివని అర్థం. ఆ నీటి బొట్టు ఆరిపోతే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గుండ్రని మచ్చగా మిగులుతాయి. ఎండలో నిలబెట్టే కారుకు అది పూతలోకి దిగుతుంది, తరువాత పాలిష్ తప్ప దారి ఉండదు. అందుకే గట్టినీళ్ల ఇళ్లలో తుడవడమే సగం పని. ఒక భాగం కడగగానే ఆ భాగం తుడవండి, బండంతా కడిగి చివర తుడుద్దామనుకోవద్దు. చివరి జాడింపుకు వీలైతే మేడమీద పట్టిన వాననీళ్లు వాడండి. ఏ.సి. గొట్టం నుంచి కారే నీరు కూడా గాలిలోని తేమే కాబట్టి దానిలో లవణాలు దాదాపు ఉండవు. రాత్రంతా బకెట్టు పెడితే అద్దాలకు, బానెట్‌కు సరిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు చాలా ఇళ్లలో చూస్తున్నాము. ఆర్.ఓ. యంత్రం వదిలే వృథా నీటిని పొదుపుగా పట్టి కారుకు వాడుతున్నారు. పొదుపు మంచిదే గాని, వడపోసిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోనే. బోరునీటి కంటే అదే గట్టిది. చక్రాలకు, వాకిలికి వాడండి, రంగు మీద పోయకండి.

అద్దాల మీద పడిన తెల్లచుక్కలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డతో తడిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగేయాలి. ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు, ఇటుకపొడి పట్టుకుని మాత్రం రాకండి.

బండి పూజ మరకలు

పూజ మానమని ఎవరూ చెప్పడం లేదు, మేమూ చెప్పము. ఏది ఎక్కడ పెట్టాలో తెలిస్తే సరి. పసుపు, గంధం, కుంకుమ తడిపి బానెట్ మీద స్వస్తిక్ వేసి రెండు వారాలు ఉంచుతాము. అదే చిక్కు. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. బట్టల సబ్బు పెట్టి రుద్దగానే మరక ఎర్రగా మారి, రంగు పోయిందేమోనని కంగారు పడేది ఇందుకే. నీళ్లతో నానబెట్టి, కారు షాంపూతో తుడిచి వదిలేయండి. మిగిలిన పసుపుచాయ ఎండకు కొద్దిరోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. కృత్రిమ రంగు కలిపిన కుంకుమ మాత్రం మొండిది, అదేరోజు సాయంత్రం తడిగుడ్డతో తీసేయాలి. బొట్టు ముందద్దం మీద డ్రైవరు చూపుకు అడ్డం రాని మూల పెడితే అసలు ఇబ్బందే లేదు, గాజుకు మరక పట్టదు.

ఆయుధపూజకు బంపరుకు కట్టే అరటి పిలకల జిగురు పెయింటు మీద కారకుండా చూడండి. పూలదండ ఇనుప తీగతో కట్టి బండి నడిపితే ఆ తీగే గీతలు పెడుతుంది, దారంతో కట్టి సాయంత్రానికి విప్పేయండి. కొబ్బరికాయ నేలమీద కొట్టండి. నీళ్లు చిందితే వెంటనే కడగండి, ఆ తీపికి చీమలు వస్తాయి. హారతి పళ్లెం ప్లాస్టిక్ బంపరుకు దూరంగా తిప్పండి. గుమ్మడికాయ పగలగొట్టాక ముక్కలు రోడ్డు పక్కకు ఎత్తివేయడం మరచిపోవద్దు, వెనక వచ్చే స్కూటరువాడు జారిపడతాడు.

కాకిరెట్ట సంగతీ ఇక్కడే చెప్పాలి. దానిలో ఆమ్లం ఉంటుంది, ఎండలో ఒక్క పూటలో ముద్ర వేస్తుంది. గోకవద్దు. తడిగుడ్డ దానిమీద ఐదు నిమిషాలు పరిచి ఉంచి ఎత్తేయండి. చెట్టు జిగురుకూ ఇదే పద్ధతి.

సముద్రం దగ్గరివారికి

యానాం, చెన్నై వారికి, గోపాల్‌పూర్ తీరానికి తరచూ వెళ్లే బరంపురం వారికి భయం దుమ్ము కాదు, ఉప్పుగాలి. అది పట్టేది పైరంగును కాదు, కింది ఇనుమును. తీరానికి వెళ్లివచ్చిన మరుసటి పూట చక్రాల గూళ్లు, తలుపుల కింది అంచులు, అడుగుభాగం ఉత్త నీళ్లతో కడగండి. తలుపుల అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. ఆకులు, మట్టి అడ్డుపడితే నీళ్లు లోపలే నిలిచి తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. ముందద్దం కింద జాలీలో చేరే వేపాకులనూ తీసేయండి.

లోపల, బానెట్ కింద

సీట్ల మీది పాలిథిన్ కవర్లు మొదటివారమే తీసేయండి. చెమట, తేమ కింద చిక్కి వాసన వస్తుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఆ కవరు దానికి అడ్డం కూడా. మ్యాట్లు బయట దులిపి కడిగి పూర్తిగా ఆరాకే వేయాలి. డ్యాష్‌బోర్డుకు తడి పిండిన గుడ్డ చాలు. జిడ్డుగా మెరిసే స్ప్రేలు కొడితే ముందద్దంలో ఆ మెరుపు ప్రతిఫలించి ఎదుటి రోడ్డు కనబడదు. దేవుడి బొమ్మ, సెంటు సీసా అంటించేటప్పుడు ఎడమవైపు ‘ఎయిర్‌బ్యాగ్’ అని రాసి ఉన్నచోట పెట్టకండి. అది తెరుచుకుంటే ఆ బొమ్మ రాయిలా ఎగిరి పక్కసీటులో ఉన్నవారి ముఖానికి తగులుతుంది. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఇంట్లో అందరికీ ఈ వ్యాసం చదివి వినిపించండి.

ఇంజను గదిలో నీళ్లు కొట్టవద్దు. పొడిబ్రష్షుతో దులిపి, కొద్దిగా తడిపిన గుడ్డతో అందినంతవరకు తుడిస్తే సరి. బ్యాటరీ కార్లవారు చార్జింగ్ పెట్టి ఉండగా కడగకూడదు, నారింజ రంగు తీగలను తాకకూడదు.

మైనం రెండు మూడు నెలలకోసారి పెట్టుకోవచ్చు. కొత్త బండికి నెలరోజులు మైనం పెట్టకూడదన్న మాట ఒకటి తిరుగుతోంది. అది గ్యారేజీలో మళ్లీ రంగు వేయించిన భాగాలకే. కంపెనీ రంగు సుమారు 140 డిగ్రీల వేడిలో కాల్చి ఆరబెట్టినదే వస్తుంది. బండి ఇచ్చేరోజు సెరామిక్, టెఫ్లాన్ పూతలంటూ షోరూంలో తొందరపెడితే వెంటనే ఒప్పుకోనక్కరలేదు. ఏ పూతా రాయి తగిలిన దెబ్బను ఆపదు, వారంవారం కడిగే పనిని తప్పించదు.

కడిగాక బండిని వీధిచివరి దాకా నడిపి నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు తొక్కండి, తడి ఆరుతుంది. తడి బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేకు లాగి రాత్రంతా వదిలితే పట్టుకుపోయే అవకాశం ఉంది. సమతలమైన చోట గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టవచ్చు. ఆటోమేటిక్ అయితే ‘పి’లో పెట్టాలి. మరునాడు పొద్దున చక్రం లోపలి డిస్కు మీద నారింజ రంగు తుప్పు కనబడితే షోరూంకు ఫోను చేయకండి. రెండు మూడు బ్రేకులకు అదే పోతుంది.