మంటను మోసే పాత్ర



రెంటచింతల ఎండనెరిగిన పల్నాటివారికి వేడిని గూర్చి ఒకరు చెప్పనక్కరలేదు. అయినా రాకెట్టు ఇంజను వేడి తీరే వేరు. ద్రవ ఇంధనం, ద్రవ ప్రాణవాయువు కలిసి మండే అరలో ఉష్ణోగ్రత సుమారు 3000 డిగ్రీలు. ఉక్కు దాదాపు 1500 డిగ్రీలకు, రాగి 1085 డిగ్రీలకు కరిగిపోతాయి. మరి ఆ మంటను మోసే పాత్ర ఏది? తెలుగు పండితుడనైన నన్ను ఈ ప్రశ్న పట్టుకోవడానికి కారణం, సమాధానం ఊహించినవారిలో ఒక బడిపంతులు ఉండడమే.

ఆయన రష్యాలోని కలూగా పట్టణపు ఉపాధ్యాయుడు త్సియోల్కోవ్‌స్కీ. బాల్యంలోనే వినికిడి కోల్పోయినవాడు. రాకెట్టులోని ద్రవాలతోనే దాని గోడలను చల్లబరచవచ్చునని 1903 నాటి వ్యాసంలో సూచించాడు. వంటింటి మాటల్లో చెప్పాలంటే, కళాయి గిన్నెలో నీరున్నంతసేపూ పొయ్యి ఎంత మండినా కళాయి చెదరదు. నీరు ఇగిరిపోతే 232 డిగ్రీలకే కరిగిపోతుంది. ఇంజనులో ఆ నీటి పని ఇంధనమే చేస్తుంది. జంట గోడల నడుమ పారుతూ వేడిని గ్రహించి, ఆ వేడితోనే మంటలోకి ప్రవేశిస్తుంది. గోడ దక్కుతుంది, వేడీ వృథా కాదు.

చెప్పినంత సులువు కాదు చేయడం. అమెరికాలో గాడర్డ్ 1923లో ఈ పద్ధతిని ప్రయత్నించి, చిక్కుగా ఉందని విడిచిపెట్టాడు. ఐరోపాలోనూ కొందరు ఈ దారి తొక్కారు. అమెరికన్ రాకెట్ సొసైటీ అనే ఔత్సాహికుల సంఘంలోని జేమ్స్ వైల్డ్ సొంతంగా చేసుకున్న చిన్న ఇంజను 1938 డిసెంబరు పరీక్షలో కరగకుండా నిలిచింది. అతడూ, మరి ముగ్గురు మిత్రులూ 1941లో రియాక్షన్ మోటార్స్ సంస్థను స్థాపించారు. 1947 అక్టోబరు 14న ధ్వనివేగాన్ని దాటిన ఎక్స్-1 విమానాన్ని నడిపినది ఆ సంస్థ ఇంజనే.

మన శ్రీహరికోట నుండి 2014 జనవరి 5న విజయవంతంగా ఎగిరిన జీఎస్‌ఎల్‌వీ రాకెట్టులోని స్వదేశీ క్రయోజనిక్ ఇంజనుదీ ఇదే సూత్రం. అక్కడ గోడలను కాచినది సున్నాకు దిగువన 253 డిగ్రీల చల్లదనం గల ద్రవ ఉదజని.

త్సియోల్కోవ్‌స్కీ 1935లోనే కన్నుమూశాడు. వైల్డ్ ఇంజను మండిన రోజును చూడలేదు. పాఠం చెప్పినవాడికి పంట చూసే భాగ్యం అన్నివేళలా దక్కదు.

ఈ పద్ధతిని ఆంగ్లంలో రీజెనరేటివ్ కూలింగ్ అంటారు. 'పునరుత్పాదక శీతలీకరణం' అంటే పల్నాటి పిల్లవాడికి బొమ్మ కట్టదు. 'ఇంధన కవచం' అనవచ్చునని నాకు తోస్తున్నది. ఇంతకన్న తేట మాట మీకు తోస్తే తెలుపగలరు.